మాస్టర్ మారాడా?

శుక్రవారం పదకొండున్నర అయ్యేసరికి మా ఆఫీసులో ఎవరో ఒకరు కుర్చీ వెనక్కి జరిపి "ఇవాళ లంచ్ ఎక్కడ?" అంటారు. ఇక పావుగంట పని సాగదు. మాది టెక్సాస్‌లోని ఇర్వింగ్. డల్లాస్‌కీ ఫోర్ట్‌వర్త్‌కీ మధ్య, ఎయిర్‌పోర్టును ఆనుకుని ఉన్న ఊరు. మెకార్థర్ బులవార్డ్ మీద కారులో వెళ్తుంటే బిర్యానీ బోర్డు, దోశ బోర్డు, చాట్ బోర్డు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. ఇన్ని ఉన్నాయి కాబట్టే ఏ ఇద్దరికీ మాట కలవదు.

నేను 2013లో హెచ్1బి మీద వచ్చినప్పుడు మేం వెళ్ళే చోట లంచ్ బఫే 9.99 డాలర్లు. ఇప్పుడు 17 దాకా అయింది. పైన 8.25 శాతం పన్ను, ఆ పైన టిప్పు. "మన ప్లేటు మనమే నింపుకున్నాక టిప్పెందుకు?" అని మా టీంలో ఒకాయన ప్రతివారం గొణుగుతాడు. ఇక్కడ హోటల్లో సర్వర్‌కి టిప్పులతో కలిపి గంటకు 7.25 డాలర్లు వస్తే చాలు, యజమాని తన జేబులోంచి ఇవ్వాల్సింది 2.13 మాత్రమే. ఆ అంకె 1991 నుంచి అక్కడే ఉంది. మన ఎంగిలి ప్లేటు తీసేది, నీళ్ళ గ్లాసు నింపేది ఆ జీతం మీద ఉన్న మనిషే. ఈ మాట చెబితే ఆయన బుద్ధిగా వింటాడు, రెండు డాలర్లు పెడతాడు, వచ్చే శుక్రవారం మళ్ళీ గొణుగుతాడు.

ఇక తిండి సంగతి. మా మేనేజర్ టెక్సాస్‌లోనే పుట్టి పెరిగినాయన. అన్నం మీద చికెన్ టిక్కా మసాలా, పక్కన నాన్, ఆ నాన్‌కి తగులుతూ పాయసం, అన్నీ ఒకే ప్లేటులో వేసుకుని ఎంతో తృప్తిగా తింటాడు. ఆయన ఫిర్యాదు ఒక్కటే, కూరలో ఎముకలు ఎందుకుంటాయని. ఎముక లేకపోతే అది కూరే కాదని మా గుంటూరు మిత్రుడి వాదన. కారం లేదన్నది వాడి రెండో వాదన. హైదరాబాద్ తమ్ముడైతే ట్రే మూత ఎత్తి చూసి, "ఇది దమ్ కాదన్నా, కలిపిన అన్నం" అని తేల్చేస్తాడు. ఫ్రై పీస్ బిర్యానీ అన్న మాట వాడి ముందు ఎత్తకూడదు. వేపిన ముక్క తెచ్చి అన్నం మీద పెడితే బిర్యానీ ఎలా అవుతుందని లంచ్ అయ్యేదాకా వదలడు. తమిళాయన సాంబారు రుచి చూసి నిట్టూరుస్తాడు. అందరికంటే పాపం మా పంజాబీ సహోద్యోగి. ఇరవై ఏళ్ళ కిందట ఈ చుట్టుపక్కల ఇండియన్ హోటల్ అంటే తమ వంటేననీ, ఇప్పుడు ఎందులో చూసినా కరివేపాకే తేలుతోందనీ ఆయన బాధ. ఆ రోజుల్లో మనవాళ్ళు ఎక్కడికెళ్ళినా పనీరేనని ఏడ్చారట. లెక్క సరిపోయింది.

మా అమ్మ వచ్చినప్పుడు ఒక ఆదివారం తీసుకెళ్ళాను. ముప్పై రకాలున్నాయి. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు రెండుసార్లు నడిచి, చివరికి తెల్లన్నం, పెరుగు, ఆవకాయ వేసుకుని కూర్చుంది. పదిహేడు డాలర్ల పెరుగన్నం! నేను లోపల ఉడికిపోతుంటే ఆవిడ మాత్రం "పెరుగు కమ్మగా ఉందిరా, మంచి హోటలే" అంది.

ఈ అభిప్రాయాలన్నీ రుచి తేడాల వల్లే అని చాలాకాలం అనుకున్నాను. మావాడి పుట్టినరోజుకి రెండు ఫుల్ ట్రేల బిర్యానీ చెప్పినప్పుడు కానీ అసలు సంగతి అర్థం కాలేదు. ఐదింటికి రమ్మంటే నాలుగున్నరకే వెళ్ళాను. లంచ్ అయిపోయి ముందు తలుపు వేసేశారు. వెనక తలుపు తట్టి లోపలికి వెళ్ళాను. ఉల్లిపాయల బస్తాలు, నేలంతా తడి. స్టవ్ పక్కన మూడు పెద్ద గిన్నెల్లో మూడు రంగుల గ్రేవీ: ఎర్రది, తెల్లది, గోధుమరంగుది.

వంట మాస్టర్ తిరగేసిన నూనె డబ్బా మీద కూర్చుని తింటున్నాడు. ప్లేటులో టమాటా పప్పు, కోడిగుడ్డు వేపుడు. భీమవరం వైపు మనిషి.

"బఫేలోది తినరా మాస్టర్?"

"పొద్దున్నుంచీ దాని వాసనే కదండీ. మళ్ళీ తినడం కూడానా?"

ఆ గిన్నెలేమిటని అడిగితే నవ్వాడు. ఎర్రది బటర్ చికెన్‌కి, తెల్లది కొర్మాకి, గోధుమరంగుది మిగతా అన్నిటికీ. "లేకపోతే రోజూ ముప్పై రకాలు ఎలా తెముల్తాయండీ?" అన్నాడు. అన్ని కూరలూ ఒకటే రుచని మా ఆవిడ అంటుంటే ఇన్నాళ్ళూ కొట్టిపారేశాను. కారం గురించీ అడిగాను. శుక్రవారం ఆఫీసుల వాళ్ళొస్తారని ఓనరు తగ్గించమంటాడట, ఆదివారం మన కుటుంబాలొస్తాయని పెంచమంటాడట. అదీ కథ! గుంటూరు వాడు వచ్చేది శుక్రవారం. మా మేనేజర్ ఒక్క ఆదివారం భార్యను వెంటబెట్టుకెళ్ళి, సోమవారం దాకా దగ్గుతూనే ఉన్నాడు.

వేళ సంగతి మరొకటి. ట్రేలో పెట్టిన వేడి పదార్థం ఇక్కడి నియమాల ప్రకారం 57 డిగ్రీల కంటే చల్లారకూడదు. అందుకని కింద ఆవిరి తగుల్తూనే ఉంటుంది. పదకొండు ముప్పావుకి జారుగా ఉన్న పప్పు ఒకటిన్నరకి గరిటె నిలబెడితే నిలబడుతుంది. నాన్ తోలయిపోతుంది. మీటింగ్ సాగదీసుకుని ఆఖర్న వచ్చేవాడికి ఆ హోటల్ ఎప్పుడూ దండగే.

2020 మార్చిలో బఫేలు మూతపడి, మళ్ళీ మెల్లగా మొదలయ్యాయి. మేం వెళ్ళే చోట కూడా తెరిచారు, ట్రేలు కొన్ని తగ్గాయి. మా టీంలో కాంట్రాక్టు అయిపోయిన వాళ్ళకి ఆఖరి రోజు లంచ్ ఇప్పటికీ అక్కడే. ఆ రోజు మాత్రం ఎవరూ ఉప్పు గురించి మాట్లాడరు.

నిరుడు ఒక శుక్రవారం బిర్యానీ నోట్లో పెట్టుకోగానే గుంటూరు వాడు తల ఎత్తాడు. "మాస్టర్ మారాడా?" అన్నాడు. మారాడు. అదే బోర్డు, అవే కుర్చీలు, అదే బిల్లు. మనిషి మాత్రం లేడు. ఎవరైనా ఆ హోటల్ ఎలా ఉంటుందని అడిగితే నేనిప్పుడు ఎప్పుడు వెళ్ళారు, ఏ రోజు, ఎన్నింటికి అని ఎదురు ప్రశ్నలు వేస్తున్నాను. జనానికి విసుగ్గా ఉంది.

రెండు నెలల తర్వాత మాస్టర్ ఫ్రిస్కోలో తేలాడని తెలిసి, మా ఆవిడతో కలిసి వెళ్ళాను. అరగంట డ్రైవ్. అక్కడ బఫే లేదు, థాలీ మాత్రమే. ఆయన నన్ను గుర్తుపట్టి లోపలికి వెళ్ళి, చిన్న ప్లాస్టిక్ డబ్బాతో బయటికొచ్చాడు. "మా కోసం చేసుకున్నదండి, బిల్లులో వెయ్యలేదు" అన్నాడు. టమాటా పప్పు.

ఇంటికొచ్చి వేడన్నంలో కలుపుకుని తిన్నాం. ఈ దేశంలో హోటల్ వాడి చేతి పప్పు ఇంత బాగా తినలేదని చెప్పబోతున్నాను. మా ఆవిడ చెంచాతో ఇంకాస్త నోట్లో వేసుకుని, "పర్లేదు కానీ ఉప్పు తక్కువైంది" అంది.