పచ్చి వేపపుల్లతో ఎముకల పాఠం

నర్సింగ్ క్లాసులో ఒక్కొక్కరికీ చిటికెనవేలంత లావు వేపపుల్లలు రెండివ్వండి, పచ్చిదొకటి, ఎండుదొకటి. మెల్లగా వంచమనండి. ఎండుది పుటుక్కున రెండు ముక్కలవుతుంది. పచ్చిది వంపు బయటివైపు చీలుతుంది, లోపలివైపు అంటుకునే ఉంటుంది. పిల్లల ఎముకల్లో గ్రీన్‌స్టిక్ ఫ్రాక్చర్ అచ్చం ఇలాగే. కడప ఎండకు తెంపిన పుల్ల తొందరగా వాడిపోతుంది. తడిగుడ్డలో చుట్టకపోతే పచ్చిదీ పుటుక్కుమని పాఠం చెడుతుంది.

తర్వాత నేలమీద సుద్దతో పెద్ద ఎముక గీయండి: కీలు, ఎపిఫిసిస్ (కీలు పక్కనుండే ఎముక కొన), గ్రోత్ ప్లేట్ (ఎముక పొడవు పెరిగే పొర), మెటాఫిసిస్ (ప్లేట్‌కి అవతల, ఎముక నడుమ వైపు భాగం). సాల్టర్-హ్యారిస్ అంకె (గ్రోత్ ప్లేట్ పగులు ఏ రకమో చెప్పే నంబరు) పిలవగానే పగులు దారిలో నడవాలి. 2 అంటే ప్లేట్ వెంట వెళ్ళి మెటాఫిసిస్‌లోకి, 3 అంటే కీలు వైపుకి. తడబాటంతా ఈ రెండింటి దగ్గరే, మళ్ళీ మళ్ళీ నడిపించండి. 5కి నడక లేదు, ప్లేట్ మీద గెంతాలి. అది నలుగుడు దెబ్బ, మొదటి ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు.