హార్లెం బొమ్మలో ఎండా నీడా

డచ్ చిత్రకారుడు యాకోబ్ వాన్ రాయిస్‌డాల్ 1670-75 ప్రాంతంలో గీసిన హార్లెం ఊరి దృశ్యం నెదర్లాండ్స్‌లో, హేగ్‌లోని మారిట్స్‌హౌస్ మ్యూజియంలో ఉంది. ఎత్తు 55.5 సెం.మీ., వెడల్పు 62. చంకలో పెట్టుకుపోయేంత బొమ్మలో మైళ్ల దూరం కనిపిస్తుంది. ఎత్తులో దాదాపు మూడింట రెండు వంతులు ఆకాశమే.

అందరూ ఆ మబ్బుల్ని మెచ్చుకుంటారు. నన్నడిగితే బొమ్మ ప్రాణం మబ్బుల్లో కన్నా అవి నేల మీద వేసిన నీడల్లో ఉంది. కింది నుంచి పైకి చూడండి. ముందు నీడలో ఇసుక దిబ్బ. దాని వెనక ఎండ పడ్డ పచ్చిక, పరిచిన తెల్లటి నారబట్టలు. మళ్లీ చెట్ల చీకటి, మళ్లీ ఎండ. చివరన ఆకాశం అంచుకు ఆనుకుని సెయింట్ బావో చర్చి, ముదురుగా. కన్ను ఒక ఎండ మడి నుంచి ఇంకో దానికి గెంతుతూ పోతుంది. దూరం అలా పుడుతుంది. ఇంకాసేపట్లో గాలికి ఈ ఎండ పక్కకు జరిగిపోతుందని మనకు తెలుసు. ఆ కాస్త గుబులు అక్కడిదే.

ఆ బట్టలు అందం కోసం పెట్టినవి కావు. హార్లెం నారబట్టలను తెల్లగా చలువ చేయడానికి పేరుమోసిన ఊరు; ఇసుక దిబ్బల్లోంచి తేటనీరు దొరికేది. బట్టను బూడిద క్షారంలో నానబెట్టి, పచ్చిక మీద పరిచి తడుపుతూ ఎండబెట్టేవారు. తర్వాత మజ్జిగలో ముంచేవారు; ఆ పులుపు మిగిలిన క్షారాన్ని విరిచేస్తుంది. ఇలా మళ్లీ మళ్లీ, నెలల తరబడి. మన చాకిరేవుల్లో చౌడు చేసిన పని అక్కడ బూడిద చేసింది. ఎండే పెట్టుబడి అయిన చోట మబ్బు నీడ అంటే ఏమిటో వేరే చెప్పాలా?

దీన్ని చూసి వేసేవాళ్లు ఎక్కువగా నీడల దగ్గరే దెబ్బతింటారు. ఎండ, నీడ పట్టీలన్నీ ఒకే వెడల్పులో వేస్తే నేల చారల దుప్పటిలా తయారవుతుంది. దూరం పోయేకొద్దీ అవి సన్నబడాలి. మబ్బులూ అంతే, దిగంతం దగ్గర చిన్నవిగా, చదునుగా, దగ్గర దగ్గరగా ఉండాలి. బట్టలకు ట్యూబులోని తెలుపు నేరుగా పూస్తే మబ్బు వెలుగు చచ్చిపోతుంది, కాస్త పసుపు మట్టిరంగు కలపండి. చర్చి కిటికీలు లెక్కపెట్టి గీశారా, ఊరు ముందుకొచ్చేస్తుంది.

ఇదే చిత్రకారుడు అంతకు ముందు, 1650ల్లో, యూదుల శ్మశానాన్ని రెండుసార్లు చిత్రించాడు. ఒకటి డ్రెస్డెన్‌లో, ఒకటి డెట్రాయిట్‌లో ఉన్నాయి. సమాధులు ఆమ్‌స్టర్‌డామ్ దగ్గరి ఔడర్‌కెర్క్ ఊళ్లో ఉన్నవే, శిథిలాలూ వాగూ మాత్రం అక్కడివి కావు. ఎండిన చెట్టు, ఇంద్రధనుస్సు, అన్నీ ఒకేసారి మాట్లాడతాయి. నాకు ఆ బొమ్మ కొంచెం గట్టిగా అరిచినట్టుంటుంది. హార్లెంలో అరుపు లేదు, ఎండ జరుగుతోంది అంతే.