టైరు అరగడం వేరు, చదునవడం వేరు

బైకు వెనక టైరు మీద అరచెయ్యి అడ్డంగా పెట్టి ఈ అంచు నుంచి ఆ అంచుకి నిమిరాను. గుండ్రంగా తగలాల్సిన చోట, మధ్యలో పీటలా బల్లపరుపుగా ఉంది. దానికి అటూ ఇటూ అట్టపెట్టె మూలలాంటి గట్టు. గాడులు మాత్రం ఇంకా లోతుగానే కనిపిస్తున్నాయి.

అప్పటికి రెండు నెలలుగా నా అనుమానమంతా హ్యాండిల్ బేరింగుల మీదే. మలుపులో బండిని వంచబోతే మొదట మొండికేసేది. ఇంకాస్త తోస్తే ఆ గట్టు దాటి ఒక్కసారిగా పక్కకి ఒరిగిపోయేది. బేరింగులు బిగించి చూశాను, ఫోర్కుల్లో ఆయిల్ మార్పించాను. టైరు వంక మాత్రం చూడలేదు. గాడుల మధ్య బటన్లు సగం ఉండగా టైరును ఎవరు అనుమానిస్తారు?

పైగా ఆ టైరు నేనే ఏరికోరి వేయించుకున్నది. బండితో వచ్చిన వెనక టైరు అయిపోయినప్పుడు నేనడిగింది ఒకే ప్రశ్న: ఏది ఎక్కువ కిలోమీటర్లు వస్తుంది? గట్టి రబ్బరుతో చేసిన టూరింగ్ టైరు, అంటే దూరప్రయాణాలది, చూపించారు, తీసుకున్నాను. అదీ వెనక్కి మాత్రమే. ముందుది ఇంకా బాగుందని వదిలేశాను. 9000 కిలోమీటర్లకి పరిస్థితి ఇలా తయారైంది.

కారణం తెలిశాక, అంత తేలిక సంగతి ఇన్నాళ్లు తట్టలేదేమా అనిపించింది. నేను తిరిగేది ఎక్కువగా తిన్నని హైవే. బైకు టైరు నేలని తాకేది ఎప్పుడైనా అరచెయ్యంత మేరే. నిటారుగా పోతున్నంతసేపూ అది మధ్య భాగమే. ఇంజన్ లాగుడంతా వెనక చక్రం మీదే పడుతుంది కాబట్టి ఆ మధ్య పట్టీ అరిగిపోతుంది, పక్కలు కొత్తవాటిలా మిగిలిపోతాయి. గేజు పెట్టి చూస్తే మధ్యలో గాడి లోతు 3.4 మిల్లీమీటర్లు, పక్కన 5.1. కొత్తగా వేసిన రోజు మధ్యలో 7, పక్కన 5.5 ఉండేవి. అంటే మధ్యలో 3.6 పోతే పక్కన పోయింది 0.4 మాత్రమే.

గాడి అడుగున చిన్న గట్టులా కనిపించే టీడబ్ల్యూఐ గుర్తు, అంటే అక్కడిదాకా అరిగితే టైరు మార్చాలని చెప్పేది, 0.8 మిల్లీమీటర్ల దగ్గర ఉంది. ఆ లెక్కన ఇంకో ఆరున్నర వేల కిలోమీటర్లు నడుస్తుంది. నడుస్తుంది సరే, మలుపు వచ్చినప్పుడల్లా బండితో కుస్తీ పట్టేదెవరు? అందుకే ఈసారి ప్రశ్న మార్చుకున్నాను. టైరు ఎన్నాళ్లు అరగదు అని కాదు, ఎన్నాళ్లు గుండ్రంగా ఉంటుంది అని.

దీనికి సమాధానం టైరు మీద రాసుండదు. అమెరికా నిబంధనల ప్రకారం కారు టైర్ల మీద అరుగుదలని ఎంత తట్టుకుంటుందో చెప్పే ట్రెడ్‌వేర్ అనే అంకె ఒకటి అచ్చేస్తారు. దాన్ని ఎంతవరకు నమ్మాలన్నది అలా ఉంచితే, పోల్చుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. బైకు టైర్లకి అదీ లేదు. ఎవరిని అడిగినా "నాకు ఇరవై వేలు వచ్చింది" అని ఒకరు, "నాకు ఎనిమిది వేలకే అరిగి నున్నగైపోయింది" అని ఇంకొకరు. ఎవరు ఏ రోడ్డు మీద, ఎంత గాలితో, ఎంత బరువుతో తిరిగారో చెప్పరు. అవి తెలియని అంకెలు నాకెందుకు?

మా స్నేహితుడి సలహా ఇంకోటి. "160 వెడల్పు టైరు ఎందుకురా, 180 వేయించు, వెనక నుంచి చూస్తే బండి దిట్టంగా ఉంటుంది" అన్నాడు. నిజం చెప్పాలంటే నాకూ మనసు లాగింది. కానీ నా వెనక రిమ్ము వెడల్పు నాలుగున్నర అంగుళాలు. 180/55 టైరుకి ఐదున్నర అంగుళాల రిమ్ము కావాలి. ఇరుకు రిమ్ముకి వెడల్పు టైరు తొడిగితే రెండు పక్కలూ లోపలికి నొక్కుకుపోతాయి, నడినెత్తి పైకి పొడుచుకొస్తుంది, తయారుచేసినవాళ్లు ఇచ్చిన ఆకారం పోతుంది. ఆకారం కోసమే కదా నేను టైరు మారుస్తున్నది! ఆ మాట అక్కడితో ఆపేశాం.

కంపెనీ చెప్పిన సైజే తీసుకున్నాను: వెనక 160/60 ఆర్17, ముందు 120/70 ఆర్17. మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది ఆ వెడల్పులో ఎంత శాతం ఎత్తో చెబుతుంది. ఆర్ అంటే రేడియల్ రకం కట్టుబడి, 17 అంటే అంగుళాల్లో రిమ్ము వ్యాసం. పక్కనే ఉన్న 69 డబ్ల్యూలో 69 అంటే టైరు 325 కిలోల బరువు దాకా మోయగలదని, డబ్ల్యూ అంటే గంటకి 270 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకోగలదని. ఆ వేగం నాకు జన్మలో అక్కర్లేదు. అయినా బండి మాన్యువల్‌లో చెప్పినదానికంటే తక్కువ రేటింగుది వేయకూడదు, అందుకని అదే.

టైరు పక్కన అచ్చేసి ఉండే డాట్ గుర్తులో, తయారీ తేదీ చెప్పే చివరి నాలుగంకెలు కూడా చూశాను. 3421 అని ఉంటే 2021వ సంవత్సరం 34వ వారంలో తయారైందని అర్థం. షాపతను మొదట తెచ్చిచ్చిన టైరు ఏళ్ల తరబడి మూల పడి ఉన్నది. "అన్నా, ఇది కాదు, ఈమధ్య వచ్చింది ఉంటే తియ్యి" అన్నాను. "నీకంత తెలిస్తే ఇంక మేమెందుకు తమ్ముడూ" అని నవ్వుతూనే లోపల్నుంచి వేరేది తెచ్చాడు.

ఈసారి ఎంచుకున్నది రెండు రకాల రబ్బరున్న స్పోర్ట్ టూరింగ్ జత. మధ్యలో గట్టి రబ్బరు, పక్కల మెత్తటిది. మిషెలిన్ టైర్ల మీద 2సీటీ అని కనబడేది ఈ పద్ధతే, మిగతా కంపెనీలూ తమ తమ పేర్లతో చేస్తాయి. తిన్నగా పోయేటప్పుడు గట్టిది అరుగుతుంది, వంపులో మెత్తటిది పట్టుకుంటుంది.

పాత ముందు టైరు విప్పాక దాన్నీ తడిమి చూశాను. చేత్తో ఒక వైపుకి నిమిరితే నున్నగానే ఉంది, ఎదురు వైపుకి నిమిరితే ప్రతి బటను అంచూ వేలికి రంపప్పళ్లలా తగులుతోంది. బ్రేకు పడినప్పుడల్లా ఆ దెబ్బ ముందు టైరే తింటుంది కదా. అది బాగుందని పోయినసారి వదిలేసింది నేనే! హ్యాండిల్ దగ్గర వచ్చే సన్నటి గరగర రోడ్డుదనుకున్నాను ఇన్నాళ్లూ.

కొత్త జత వేసుకుని బయల్దేరాను. ఎంతో ఊహించుకున్నానేమో, తీరా చూస్తే బండి బద్ధకంగా అనిపించింది. కొత్త టైరు పైపొర నున్నగా ఉంటుంది కాబట్టి మొదటి నూటయాభై కిలోమీటర్లూ నెమ్మదిగానే పోయాను, కొద్దికొద్దిగా వంపు పెంచుకుంటూ. ఆ తర్వాతా అదే బద్ధకం. వెయ్యి దాటినా అంతే. "మెత్తటి రబ్బరుతో వచ్చిన తంటా ఇది" అని నలుగురికి చెప్పేశాను కూడా.

తప్పు నాదని ఒక పొద్దున తెలిసింది. మాన్యువల్ ప్రకారం వెనక టైరులో గాలి ఒత్తిడి 36 పీఎస్ఐ ఉండాలి. నేను గాలి కొట్టించింది ఎప్పుడూ ప్రయాణం మధ్యలో ఆగినప్పుడు. అప్పటికి టైరు వేడెక్కి లోపలి గాలి ఒత్తిడి పెరిగి ఉంటుంది. ఆ వేడిలో సరిగ్గా 36 దగ్గర ఆపితే, చల్లారాక ఉన్నది 32. మాన్యువల్ చెప్పే అంకె చల్లటి టైరుకి. నాలుగు పీఎస్ఐ తక్కువతో పరిగెత్తిస్తూ టైరుని తిట్టుకున్నాను. ఇంట్లోనే గాలి చూసే గేజు పెట్టుకుని, బండి తీయకముందే గాలి సరిచేశాక వంపులో మొండితనం పోయింది. నలుగురికీ మళ్లీ ఫోన్ చేసి చెప్పాల్సింది, ఇద్దరికే చెప్పాను.

గాలి తక్కువైతే టైరు ఎక్కువ నలుగుతుంది, వేడెక్కుతుంది, పక్కలు తొందరగా అరుగుతాయి. ఎక్కువైతే మధ్యలోనే నేలకి ఆని అక్కడే అరుగుతుంది. అంటే పాత టైరు చదునైపోవడంలో గాలి పాత్ర ఎంత, రబ్బరు పాత్ర ఎంత? దాని గాలి కూడా నేను అలాగే చూసుకునేవాణ్ని, కానీ లెక్క రాసి పెట్టుకోలేదు. అందుకే ఒక నోట్‌బుక్ మొదలుపెట్టాను. ప్రతి వెయ్యి కిలోమీటర్లకి మూడు చోట్ల లోతు: ఎడమ, మధ్య, కుడి. పక్కన గాలి ఎంతుందో.

ఈ జత కొత్తలో మధ్యలో 6.5, పక్కన 5.2. అదే 9000 దగ్గర చూస్తే మధ్యలో 2.6, పక్కన 3.2. అరిగింది మధ్యలో 3.9, పక్కన 2. లోతు లెక్కన పాతదానికంటే ముందే అయిపోతుంది, పదమూడు వేలు దాటితే గొప్ప. కానీ అరచెయ్యి పెట్టి నిమిరితే గట్టు లేదు. మధ్యలో కొంచెం చదును తెలుస్తుంది, అంతే. వంచితే బండి మొదటి నుంచి చివరిదాకా ఒకే తీరున దిగుతోంది. గట్టి టైరుతో చిరాకు లేకుండా తిరిగింది ఏడు వేలే. దీంతో పన్నెండు వేలు వచ్చింది. ఆ తర్వాత అది టీడబ్ల్యూఐకి దగ్గరపడింది, నేనే మార్చేశాను.

ఈ పోలికలో ఒక లొసుగుంది. కొత్త టైరు మీద మోజుతో సెలవు దొరికితే వంకర దారులు వెతుక్కుంటూ పోయాను. పక్కలు రెండు మిల్లీమీటర్లు అరగడంలో మెత్తటి రబ్బరు వాటా ఎంతో, నా షికార్ల వాటా ఎంతో విడదీయలేను. గట్టి టైరుతో కూడా అన్ని మలుపులు తిరిగుంటే అదీ అంత చదును అయ్యేది కాదేమో. కేవలం హైవే మీద బరువులేసుకుని పోయేవాళ్లకి నేనైతే ఇప్పటికీ గట్టిదే చెబుతాను.

వానలో మాత్రం తేడా వెంటనే తెలిసింది. పాతదాంతో తడి రోడ్డు మీద బ్రేకు పట్టాలంటే వేళ్లు బిగుసుకునేవి, ముఖ్యంగా పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు. తడిలో పట్టు కోసం ఈ రకం టైర్ల రబ్బరులో సిలికా ఎక్కువ కలుపుతారు. ఆ ఒక్క కారణానికైనా రెండు మూడు వేల కిలోమీటర్లు వదులుకోవడానికి నేను సిద్ధమే.

ఇప్పుడున్నది మళ్లీ అదే రకం జత, 4000 దాటింది. వెనక మధ్యలో 4.8, ఎడమ 4.5, కుడి 4.3. కుడి పక్క ఎందుకు ఎక్కువ అరుగుతోందో ఇంకా తేలలేదు. నోట్‌బుక్‌లో ఈసారి ఇంకో గడి గీశాను: ఏ దారిన తిరిగానో రాయడానికి.