ఒక్కటి నొక్కితే రెండు లేచాయి: రైస్ మిల్లులో ఫంక్షన్ బ్లాకులతో నా అనుభవం

మిర్యాలగూడలో ఒక బాయిల్డ్ రైస్ మిల్లు పీఎల్‌సీ (మోటార్లను నడిపే కంట్రోల్ కంప్యూటర్) ప్రోగ్రాం మార్చే పని నిన్న రాత్రి పదకొండింటికి ముగిసింది. చొక్కాకు అంటిన ఊక దుమ్ము ఇంకా దులపలేదు. అయినా ఇప్పుడే రాస్తున్నాను. రెండు రోజులు ఆగితే నా తప్పును నేనే చిన్నది చేసి చెప్పుకుంటాను.

మిల్లులో 22 మోటార్లు. పాత ప్రోగ్రాంలో ఒక్కో మోటారుకు ఒక్కో తీరుగా లాడర్ (నిచ్చెన మెట్లలా కనిపించే పీఎల్‌సీ ప్రోగ్రాం) రాసి ఉంది. ఎవరికి వాళ్లు వచ్చి కలిపి పోయారు. ఒకదానికి ఓవర్‌లోడ్ ట్రిప్ (లోడ్ ఎక్కువై మోటారు ఆగడం) చూసుకుంటుంది, పక్కదానికి అసలు చూడదు. యాసంగి వడ్లు దిగేలోపు సరిచేయాలని సేటు పట్టుబట్టాడు. ‘ఒకే మోటార్ బ్లాక్ రాసి 22 చోట్లా వాడదాం’ అన్నాను. ఇదేమీ నేను కనిపెట్టింది కాదు. పీఎల్‌సీ భాషల అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61131-3, 1993లో వచ్చినప్పటి నుంచీ ఫంక్షన్ బ్లాక్ (ఒకసారి రాసి ఎన్ని చోట్లైనా పిలుచుకునే ప్రోగ్రాం ముక్క) అందులో ఉంది.

ఇన్‌పుట్, ఔట్‌పుట్ లిస్టు ఒక్క రోజులో అయిపోయింది.

రెడీమేడ్ లైబ్రరీ (ముందే రాసిపెట్టిన బ్లాకుల కట్ట) కోసం హైదరాబాద్‌లో ఒక డీలర్‌ను నమ్ముకుని రెండు రోజులు పోగొట్టుకున్నాను. ఫైల్ పంపాడు, మన సాఫ్ట్‌వేర్ వెర్షన్‌లో తెరుచుకోలేదు. వేరేది పంపాడు, అది తెరుచుకుంది గానీ ప్రతి బ్లాకుకూ పాస్‌వర్డ్. అడిగితే ‘లోపల మీకెందుకు సార్, పిన్నులు కలుపుకోండి’ అన్నాడు. పిన్నులంటే బ్లాకు ఇన్‌పుట్, ఔట్‌పుట్‌లు. అర్ధరాత్రి మోటారు ఆగితే ఆపరేటర్ ఫోన్ చేసేది నాకు, అతనికి కాదు. పీఐడీ బ్లాకు (టెంపరేచర్ లాంటివాటిని కావాల్సిన స్థాయిలో నిలిపేది) పీఎల్‌సీ కంపెనీ ఇచ్చిందే వాడుకోండి, ఫర్వాలేదు. మోటారును నడిపే బ్లాకు మాత్రం లోపల ఏముందో కనపడేదే పెట్టుకోండి. నాది నేనే రాసుకున్నాను. నల్లగొండలో ఇంటి దగ్గర సిమ్యులేటర్‌లో 22 మోటార్లూ ఒక్కొక్కటిగా నడిపి, లిస్టులో టిక్కులు పెట్టుకుని, దర్జాగా బస్సెక్కాను.

మొన్న పొద్దున లోడ్ లేకుండా ట్రయల్ మొదలుపెట్టాం. ఇంటర్‌లాకులన్నీ (ఒక మోటారు నడిస్తేనే ఇంకోటి నడవాలనే షరతులు) బైపాస్‌లో ఉన్నాయి. మూడో ఎలివేటర్‌కు (వడ్లను బకెట్లతో పైకి చేర్చేది) స్టార్ట్ ఇచ్చాను. స్క్రీన్ మీద పచ్చగా వెలిగింది, అది తిరుగుతోంది. ప్యానెల్ గదిలోంచి ఫిట్టర్ అరిచాడు: “ఏంది సార్, ఒక్కటి నొక్కితే రెండు లేస్తున్నయి! నాలుగోదాని కాంటాక్టరు గూడ కొట్టింది!” కాంటాక్టరంటే మోటారుకు కరెంటు కలిపే స్విచ్చు.

ఆ క్షణాన నాలుగో ఎలివేటర్ బూటు (అడుగు పెట్టె) తెరిచి ఇద్దరు కుర్రాళ్లు లోపల చేతులు పెట్టి బకెట్ల బోల్టులు బిగిస్తున్నారు. దాని పవర్ ఐసోలేటర్‌ను (మోటారుకు కరెంటు పూర్తిగా తెంపే స్విచ్చును) ఫిట్టర్ ముందే ఆఫ్ చేసి తన తాళం వేసుకున్నాడు. కంట్రోల్ సప్లై వేరు కాబట్టి కాంటాక్టరు మాత్రమే టక్కున కొట్టుకుంది, మోటారు కదల్లేదు. ‘ట్రయల్ రోజు తాళాలేంది, టైం వేస్టు’ అని అంతకు గంట ముందు అతని మీద విసుక్కున్నది నేనే.

అప్పుడైనా నోరు మూసుకోవాల్సింది. సేటు ముందు “నీ వైరింగే షార్ట్ అయ్యుంటది, చూసుకో” అన్నాను. అతను ఎదురు మాట్లాడలేదు. మల్టీమీటర్ పట్టుకుని రెండు వైర్లూ ఈ చివర నుంచి ఆ చివర దాకా కొట్టి చూశాడు. రిలేలు పీకి చూశాడు. గంటన్నర తర్వాత నన్ను పిలిచాడు. “వైరు సక్కగనే ఉంది సార్. ఔట్‌పుట్ కార్డు మీద రెండు లైట్లు ఎలుగుతున్నయి, సూడుండ్రి.” ఆ లైట్లు రెండూ వెలిగాయంటే ఆ ఆర్డర్ ఇస్తున్నది ప్రోగ్రామే. వైరుకు సంబంధం లేదు. సేటుకు అంత లోతు తెలియదు గానీ, నా మొహం చూసి అర్థం చేసుకున్నాడు.

జరిగింది ఇది. ఫంక్షన్ బ్లాకును పిలిచిన ప్రతిసారీ దానికో పేరు, ఆ పేరు మీద సొంత మెమరీ ఉండాలి. దాన్నే ఇన్‌స్టెన్స్ అంటాం. స్టార్ట్ బటన్ వదిలేశాక కూడా మోటారు నడవాలన్న సంగతి ఆ మెమరీలోనే నిలుస్తుంది. నేను మూడోదాన్ని కాపీ కొట్టి, పిన్నుల దగ్గర ట్యాగులన్నీ (ఏ బటన్, ఏ మోటారు అని చెప్పే పేర్లు) మార్చి, పైన ఇన్‌స్టెన్స్ పేరు మాత్రం అలాగే వదిలేశాను. ఇద్దరు అన్నదమ్ముల భూమి ఒకే పాస్‌బుక్కులో ఎక్కించినట్టయింది. మూడోది ‘నడుస్తున్నా’ అని రాసుకుంటే, అదే స్కాన్‌లో (పీఎల్‌సీ ప్రోగ్రాంను పై నుంచి కింద దాకా ఒకసారి నడిపే చుట్టులో) నాలుగోది ఆ పుస్తకమే తెరిచి, తానూ నడవాలనుకుంటుంది. కంపైలర్ ఒక్క ఎర్ర గీత పెట్టలేదు, దాని దృష్టిలో అది తప్పు కాదు మరి. ఇంట్లో ఎందుకు దొరకలేదంటే, స్టార్ట్ ఇచ్చిన మోటారునే చూసి టిక్కు పెట్టాను, మిగతా 21 వైపు తల తిప్పలేదు.

మీరు చేయాల్సింది, క్రాస్ రిఫరెన్స్ (ఏ పేరు ఎక్కడెక్కడ వాడారో చూపే లిస్టు) తెరిచి ప్రతి ఇన్‌స్టెన్స్ ఎన్ని చోట్ల పిలిచారో లెక్కపెట్టడం. ఒక్కటి దాటితే ఆగండి. నేను లెక్కపెడితే బ్లోయర్ల దగ్గర ఇంకో జంట దొరికింది. ఆ సంగతి సేటుకు చెప్పలేదు, ఇక్కడే చెప్తున్నా.

గొప్ప చెప్పుకోవడానికి కూడా ఒకటుంది. డ్రయ్యర్ టెంపరేచర్ సిగ్నల్ 4–20 మిల్లీ ఆంప్స్, అంటే అతి తక్కువ టెంపరేచర్‌కు కూడా 4 ఉంటుంది. ఈ మిల్లులో ఎలుకలు కేబుల్ కొరికితే కరెంటు సున్నా అయ్యేది. పాత ప్రోగ్రాం దాన్ని ‘చల్లబడింది’ అనుకుని స్టీమ్ వాల్వ్ పూర్తిగా తెరిచేది, వడ్లు మాడి నూకలయ్యేవి. నా అనలాగ్ బ్లాకు, కరెంటు 3.6 కిందికి పోతే వైరు తెగిందని అలారం కొట్టి, పీఐడీని మాన్యువల్‌లోకి తెచ్చి వాల్వ్‌ను ఉన్నచోటే ఆపుతుంది. నిన్న సాయంత్రం సేటు ఎదురుగా వైరు పీకి చూపించాను. “ఇది బాగున్నది” అన్నాడు, మూడు రోజుల్లో ఆయన మెచ్చుకున్నది అదొక్కటే.

ఫిట్టర్‌కు రాత్రి బస్టాండు దగ్గర చాయ్ తాగుతూ సారీ చెప్పాను. “సరే గనీ సార్, ఈసారి వచ్చేటప్పుడు మీ తాళం మీరు తెచ్చుకోండ్రి” అన్నాడు. చివరి బిల్లు మాత్రం సేటు ఇంకా ఇవ్వలేదు, సోమవారం రమ్మన్నాడు.