మామ ఉత్తరాలు

1992 వేసవిలో నేను కువైట్‌లో దిగేసరికి ఇరాక్ సైన్యం వెళ్ళిపోయి ఏడాది దాటింది. ఎక్కడ చూసినా కట్టుబడి పనులే. మా గదిలో ఎనిమిది మందిమి. అందులో ఐదుగురం నెల్లూరు జిల్లా మెట్ట వాళ్ళం, ఉదయగిరి, వింజమూరు, కలిగిరి వైపు. పదో తరగతి పాసైంది నేనొక్కణ్ణే. దాంతో పగలంతా సిమెంటు పని, శుక్రవారం గుమాస్తా పని. అందరి ఉత్తరాలూ నేనే రాయాలి, వచ్చినవి నేనే చదివి పెట్టాలి.

మన పల్లెలో మాదిరి పోస్టుమాన్ గుమ్మం దగ్గరికి వచ్చి పిలవడం అక్కడ లేదు. కంపెనీకి ఒక పోస్టు బాక్సు నంబరు, దాని కింద సఫాత్, కువైట్. వంద మందికీ అదే చిరునామా. కంపెనీ మందూబ్, అంటే బయటి ఆఫీసు పనులు చూసే మనిషి, వారానికోసారి పోయి పెట్టె తెరిచి తెచ్చేవాడు. ఆయన బండి ఆగగానే చుట్టూ మూగేవాళ్ళం. బండి దిగకుండానే చెయ్యి తిప్పి ‘మాఫీ’ (అరబ్బీలో ‘లేవు’) అన్నాడంటే ఆ వారం పోయినట్టే.

ఇంటి నుంచి ఉత్తరం రావడానికి పదిహేను రోజులు, ఒక్కోసారి నెల. జ్వరమని ఒకసారి రాశాను. అది తగ్గి, నేను మరిచిపోయి, మళ్ళీ పనిలోకి పోతున్నప్పుడు మా అమ్మ ఏడుస్తూ రాయించిన జవాబు వచ్చింది. ఆ తర్వాత రోగాల సంగతి రాయడం మానేశాను. ఇంకొకడి తమ్ముడు ఇన్‌ల్యాండ్ లెటరు మీద కువైట్ అని రాసి డబ్బాలో వేశాడు. అది దేశం దాటదని వాడికెట్లా తెలుస్తుంది? ఇన్‌ల్యాండూ నీలమే, పరదేశాలకు రాసే ఏరోగ్రామూ నీలమే.

తొందరగా చేరాలంటే చేతి ఉత్తరమే. శుక్రవారం కువైట్ సిటీలోని మాలియాకు పోతే తెలుగువాళ్ళంతా అక్కడే. ఎవరు సెలవు మీద ఇంటికి పోతున్నారో తెలిసిపోయేది. ఉత్తరాల కట్ట వాళ్ళకిస్తే మద్రాసులో దిగి, మన స్టాంపులు అంటించి డబ్బాలో వేసేవాళ్ళు. వారం లోపలే ఊరు చేరేవి. వేస్తే. ఒక మహానుభావుడు మా కట్టను సూట్‌కేసు అడుగున పెట్టి, రెండు నెలల తర్వాత అట్లాగే వెనక్కి తెచ్చాడు.

మా గదిలో పెద్దవాడు ఒక మేస్త్రీ, కలిగిరి వైపు మనిషి. అందరం మామా అనేవాళ్ళం. గోడ ఒక్క నూలు తేడా వస్తే కనిపెట్టే ఆయనకు అక్షరం రాదు.

“ఏం రాయమంటావు మామా?”

“ఏముంది అబ్బయ్యా, బాగుండానని రాయి. దుడ్లు పంపినానని రాయి.”

నేను ‘ఉభయకుశలోపరి’ అని మొదలుపెట్టి, నాకొచ్చిన గ్రాంథికమంతా దించి, ఆఖర్లో డ్రాఫ్టు నంబరు వేసి చదివి వినిపించేవాణ్ణి. “అట్లుండాలి” అని మురిసిపోయేవాడు.

అవతల ఊళ్ళో మామ భార్యకు రాసిపెట్టేది పక్కింట్లో ఎనిమిదో తరగతి పిల్ల. గుండ్రటి చేతిరాత, పక్కన స్కేలుతో మార్జిన్. ఆ పిల్లా ‘ఉభయకుశలోపరి’ అనే మొదలుపెట్టేది. ‘మీరు పంపిన పైకము ముట్టినది. పిలకాయలు బాగా చదువుచున్నారు.’ ఏడాది పాటు ఇదే. ఆమె మనసులో మాట ఆ పిల్లతో ఎట్లా చెప్తుంది? ఈయన నాతో ఎట్లా చెప్తాడు? మొగుడూ పెళ్ళాల ఉత్తరాలన్న మాటే గానీ రాసుకునేది నేనూ ఆ పిల్లా. ఒకసారి కాగితం మూల సన్నటి అక్షరాల్లో తన సొంత మాట ఒకటి రాసింది: ‘అన్నా, డ్రాఫ్టు నంబరులో మీ ఒకటి, ఏడు ఒకేరకంగా ఉంటున్నాయి.’ అప్పటి నుంచి ఏడుకు అడ్డగీత పెడుతున్నాను. ఇప్పటికీ.

1993లో మామకు ఒక ఉత్తరం వచ్చింది. పెన్సిలుతో రాసింది. ఒక్కో అక్షరం ఒక్కో సైజు, వరుసలన్నీ కిందికి జారిపోయాయి. మా జిల్లాలో 1991లో పెద్దవాళ్ళకు చదువు నేర్పే అక్షర దీపం మొదలై పల్లెపల్లెనా రాత్రిబళ్ళు పెట్టారు. ఆ బళ్ళలో కూర్చున్న ఆడవాళ్ళే కలిగిరి మండలం దూబగుంటలో సారా కొట్టు మీదికి పోయారు. ఆ సంగతులు మాకు ఉత్తరాల్లో ముక్కలు ముక్కలుగా తెలిసేవి. గదిలో మగవాళ్ళం నవ్వుకునేవాళ్ళం కూడా, సిగ్గు లేకుండా. ఆమె ఆ బడికి పోతున్నదని మాత్రం పిల్ల ఎప్పుడూ రాయలేదు.

అలవాటు కొద్దీ గట్టిగా చదవడం మొదలుపెట్టాను.

‘నేనే రాస్తుండా. పిల్ల కాదు. తలుపేసుకోని రాస్తుండా. మిద్దె ఎవురికి...’

గది నిశ్శబ్దమైపోయింది. వంట చేస్తున్నవాడు గరిటె ఆపాడు. మామ చెయ్యెత్తి “చాల్లే అబ్బయ్యా” అన్నాడు. కాగితం తీసుకుని చాలాసేపు చూశాడు. ఆమె తలుపేసుకుని రాసింది ఎనిమిది మంది మధ్య చదివినందుకు నాకు మొహం ఎత్తబుద్ధి కాలేదు.

రాత్రి అందరూ పడుకున్నాక నన్ను తట్టి లేపాడు. “ఇందులో నా పేరు యాడుంది?”

వరండాలో లైటు కింద వెతికాను. పిల్ల రాసిన ఉత్తరాల్లో పేరు ఉండేది, కింద ‘మీరు’ ఉండేది. ఇందులో రెండూ లేవు.

“పేరు లేదు మామా. నువ్వు అని ఉంది.”

“ఆ ముక్క చూపించు.”

చూపించాను. దాని మీద వేలు పెట్టి కూర్చున్నాడు.

మరుసటి శుక్రవారం మాలియా నుంచి వస్తూ రూళ్ళ పుస్తకం, పెన్సిలు కొనుక్కొచ్చాడు. “వస్తా అని రాయాలంటే ఎన్ని అక్షరాలు?”

“రెండే మామా. రెండో దానికి ఒత్తు ఉంది.”

ఆ ఒత్తు దగ్గర ఆయనకు మూడు వారాలు పట్టింది.