రాతిలోంచి వచ్చే వెలుతురు చూడ్డానికి న్యూ హేవెన్ వెళ్ళాం

అమెరికా వెళ్తే కచ్చితంగా చూడాలని ఎప్పట్నుంచో అనుకుంటున్న బిల్డింగ్ ఒకటుంది, న్యూ హేవెన్ ఊళ్ళో యేల్ యూనివర్సిటీ వాళ్ళ బైనెకీ లైబ్రరీ, అరుదైన పుస్తకాలూ రాతప్రతులూ దాచే చోటు. న్యూజెర్సీ ఎడిసన్‌లో అక్కావాళ్ళింట్లో ఉన్నా కాబట్టి బావే కార్లో తీసుకెళ్ళాడు. బయట నిలబడి "ఏంటమ్మా, ఒక్క కిటికీ కూడా లేదు, లోపలంతా చీకటేమో" అన్నాడు. నిజమే, బయటికి అదొక తెల్లటి రాతి పెట్టె, నాలుగు మూలలా నాలుగు కాళ్ళ మీద నిలబెట్టినట్టుంటుంది.

లోపల మెట్లెక్కి పైకి వెళ్ళామో లేదో, గోడలన్నీ వెలుగుతున్నాయి! వెర్మాంట్ రాష్ట్రం నుంచి తెచ్చిన పాలరాయిని దాదాపు మూడు సెంటీమీటర్ల మందాన కోసి బిగించారు, కోడిగుడ్డుని లైటుకి అడ్డం పెట్టి చూస్తే ఎలా ఉంటుందో అలా, ఎండ ఆ రాతిలోంచి తేనెరంగులో దిగుతుంది. ఒక పలక దగ్గరే చాలాసేపు ఉండిపోయా. బయట్నుంచి లేత బూడిదరంగు మరకల్లా కనిపించిన చారలే ఇక్కడ ముదురు గోధుమరంగు పాయలైపోయాయి, మబ్బొస్తే మొత్తం మట్టిరంగులోకి దిగిపోతాయి, మళ్ళీ ఎండ రాగానే అంచుల దాకా వెలుగు. ఎండ పడే వైపుకీ నీడ వైపుకీ వేరే వేరే రాయి వాడారేమో అన్నంత తేడా.

గోర్డన్ బన్‌షాఫ్ట్ డిజైన్ ఇది, 1963లో తెరిచారు. బరువంతా గ్రానైట్ తొడిగిన స్టీల్ ఫ్రేమ్ మోసి నాలుగు మూలలకీ దించేస్తుంది, పాలరాయి మీద ఆ భారం పడదు కాబట్టే అంత పల్చగా కోయగలిగారు. నేరుగా ఎండ తగిలితే పాత కాగితం, తోలు పాడైపోతాయి, అందుకే కిటికీలు లేవు. అంటే పుస్తకాన్ని కాపాడే పనే ఇంత అందమైన వెలుతురుని ఇచ్చింది!

మధ్యలో ఆరంతస్తుల గాజు టవర్, దాన్నిండా లక్షా ఎనభై వేల పుస్తకాలు. తోలు బైండింగులు ఒక్కొక్కటీ స్పష్టంగా కనిపిస్తాయి, కానీ చెయ్యి పెట్టలేం. గాజు అన్నీ చూపించి మనల్ని బయటే ఆపేస్తే, రాయి ఏమీ చూపించకుండానే ఆకాశంలో ఏం జరుగుతోందో చెప్పేస్తోంది. హైటెక్ సిటీలో మనం కట్టేవన్నీ గాజు బిల్డింగులే, లోపల మాత్రం బ్లైండ్స్ దించేసి పొద్దస్తమానం లైట్లేసుకుని కూర్చుంటాం, అది తల్చుకుంటే నాకు నిజంగా బాధేసింది. వెలుతురు కావాలంటే గాజే పెట్టాలని ఎవరన్నారు?

బయట నేలమట్టానికి కిందికి దిగి ఉన్న ఆవరణలో ఇసాము నొగుచి పాలరాతి శిల్పాలున్నాయి, పిరమిడ్, గుండ్రటి సూర్యుడు, మూల మీద నిలబడ్డ ఘనం. వాటినీ వదలకండి.

వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట, టికెట్ లేదు, ఫ్లాష్ మాత్రం వాడొద్దు. ఎండా మబ్బూ కలిసిన రోజు చూసుకుని వెళ్ళండి, పైన కనీసం ఒక గంటైనా కూర్చోండి.