బంతి వదిలేసి చూశా

అమెరికా వచ్చి ఆరేళ్లయినా, ఇక్కడి ఫుట్‌బాల్‌లో బంతి ఎవరి దగ్గరుందో నాకు అర్థమయ్యేది కాదు. మొన్న శనివారం కాలేజీ మ్యాచ్‌కి వెళ్తే, పక్క సీటు పెద్దాయన "బంతి వదిలేయ్, ముందున్న ఆ ఐదుగురినీ చూడు" అన్నాడు.

చూశా. మన కబడ్డీలో చేతులు పట్టుకుని గొలుసు కట్టినట్టే ఉంది! మధ్యలోవాడు బంతి వెనక్కి అందిస్తాడు, ఇక మిగతాదంతా ఒళ్లు అడ్డం పెట్టడమే. ఒక్కడి అడుగు తప్పినా వెనకున్న క్వార్టర్‌బ్యాక్ (ఆ బంతి అందుకుని ఆట నడిపేవాడు) పని అయిపోయినట్టే.

ఈ ఐదుగురినీ కలిపి అఫెన్సివ్ లైన్ అంటారు, వీళ్లకి విడిగా ఒక కోచ్ ఉంటాడట. ఇంటికొచ్చి వెతికితే అలాంటి కోచ్ జో మూర్ గురించి దొరికింది. పెన్సిల్వేనియాలో హైస్కూల్ కోచ్‌గా చేసి, పిట్స్‌బర్గ్ యూనివర్సిటీకి వెళ్లాడు. అక్కడ ఆయన చేతికింద ఆడిన రస్ గ్రిమ్, జింబో కోవర్ట్ ఇద్దరూ తర్వాత గొప్ప ఆటగాళ్లకి దక్కే ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి చేరారు. 1988లో నోటర్ డేమ్ యూనివర్సిటీకి వచ్చాడు, ఆ ఏడే వాళ్లు నేషనల్ ఛాంపియన్లు.

1996 సీజన్ తర్వాత తీసేశారు. అప్పటికి అరవై దాటాయి. ఊరుకోలేదాయన, వయసు వివక్ష అని కోర్టుకెక్కాడు. 1998లో జ్యూరీ ఆయన వైపే తీర్పిచ్చింది. (ఉద్యోగాలు ఊడుతున్న ఈ రోజుల్లో మా ఆఫీసులో చాలామంది చదవాల్సిన కథ.)

2003లో పోయాడు. 2015 నుంచి ఆయన పేరుతో ఒక అవార్డు ఇస్తున్నారు. అదీ ఒక్కడికి కాదు, మొత్తం లైన్‌కి!

ఆ మ్యాచ్ స్కోరెంతని మాత్రం అడగకండి, నేను చూడలేదు.